కాటా సర్వర్లూ, రిజిస్టరులో ఒక గడీ

ప్రశ్న: సార్, నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పని చూస్తాను. కాటా మీద లారీల తూకం, రైతులకిచ్చే చీటీలు, బిల్లులు అన్నీ ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి పోతాయి. సీజన్‌లో అది ఆగితే గేటు బయట లారీల వరస మెయిన్ రోడ్డు ఎక్కుతుంది. అందుకని పోయినేడాది రెండు లినక్స్ సర్వర్లు, వాటికి కలిపి ఒక స్టోరేజ్ పెట్టె కొని, సర్వీసులను లేపే, ఆపే పేస్‌మేకర్, సర్వర్ల మధ్య మాటలు మోసే కోరోసింక్ అనే సాఫ్ట్‌వేర్లతో రెంటినీ కలిపి క్లస్టర్ చేయించారు. ఒకటి పడిపోతే రెండోది అందుకుంటుంది. ఇప్పుడు ఆడిట్ వాళ్లు సాఫ్ట్‌వేర్ రిజిస్టర్ రాయమన్నారు. అందులో 3 గడులే ఉన్నాయి: ఆపరేటింగ్ సిస్టమ్, మిడిల్‌వేర్, అప్లికేషన్. క్లస్టర్ సాఫ్ట్‌వేర్‌ను నేను ఆపరేటింగ్ సిస్టమ్ గడిలో రాశాను, లినక్స్ డిస్ట్రో రిపాజిటరీలోంచే, అంటే లినక్స్‌తో పాటు ఇచ్చే సాఫ్ట్‌వేర్ల గోదాములోంచే, వచ్చింది కదా అని. మా బావ బెంగళూరులో ఐటీలో ఉన్నాడు. ఆయన నవ్వి, "ఓఎస్‌కీ డేటాబేస్‌కీ మధ్యలో కూర్చునేదాన్ని మిడిల్‌వేర్ అనక ఏమంటారు?" అన్నాడు. ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఓఎస్ గడి అయితే బాధ్యత నాది. మిడిల్‌వేర్ అయితే డేటాబేస్ ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) తీసుకున్న వెండర్‌ది. రాత్రి 2 గంటలకు ఫోన్ ఎవరికి రావాలన్నది ఈ గడిని బట్టే. ఎవరి మాట కరెక్ట్?
ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: గడి మీరు సరిగ్గానే పెట్టారమ్మా. కారణం మాత్రం తప్పు చెప్పారు. మీ బావగారు గడి తప్పు చెప్పారు గానీ, ఆయన మాట పూర్తిగా నిజమయ్యే చోట్లు కొన్ని ఉన్నాయి. మీ ఫ్యాక్టరీ అలాంటి చోటు కాదు, అంతే. ఫోన్ ఎవరికి రావాలన్నది మటుకు ఈ రెంటికన్నా పెద్ద ప్రశ్న, దానికి చివర్లో వస్తాను.

ముందు మీ కారణం సంగతి. రిపాజిటరీలోంచి వచ్చిందల్లా ఓఎస్ అనుకుంటే, అదే రిపాజిటరీలో ఫొటోలు దిద్దే గింప్ ఉంది, లిబ్రేఆఫీస్ ఉంది, మీ పోస్ట్‌గ్రెస్ కూడా ఉంది. కిరాణా కొట్లో కొన్నంత మాత్రాన చెప్పులు తినే సరుకైపోవు. కంపెనీలు పెట్టిన పేర్లూ సాక్ష్యానికి పనికిరావు. ఇదే పేస్‌మేకర్‌ను రెడ్ హ్యాట్ 'హై అవైలబిలిటీ యాడ్-ఆన్' అంటూ వేరే సబ్‌స్క్రిప్షన్‌గా అమ్ముతుంది. సూసే చాలా ఏళ్లు 'హై అవైలబిలిటీ ఎక్స్‌టెన్షన్' అని అమ్మింది. డెబియన్ అయితే ఏ పేరూ పెట్టకుండా ఊరికే ఇస్తుంది. మూడు చోట్లా సరుకు ఒకటే. పేరులోనే ఎక్స్‌టెన్షన్ ఉంది చూడండని ఆడిటర్‌కు చూపిస్తే ఆయన ఒప్పుకోవచ్చు. మీ బావగారు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను.

ఇక మధ్యలో కూర్చోవడం సంగతి. మిడిల్‌వేర్ అనే మాట వయసు యాభై ఏళ్లు దాటింది. 1968 అక్టోబర్‌లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో సైన్స్ కమిటీ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ మీద ఒక సదస్సు పెట్టింది. దాని నివేదికలో డి అగపెయెఫ్ అనే ఆయన పేరుతో తలకిందుల పిరమిడ్ బొమ్మ ఒకటి ఉంటుంది. అప్లికేషన్లకూ, కంట్రోల్ ప్రోగ్రామ్‌లు, కంపైలర్లు వగైరాలకూ నడుమ ఒక పొరకు మిడిల్‌వేర్ అని పేరు రాశారు. తయారీదారు ఇచ్చిన ఫైల్ రొటీన్లు తమ పనికి సరిపోక, అప్లికేషన్ రాసేవాళ్లు నడుమ ఇంకో పొర వేసుకోవాల్సి వస్తోందన్నది అక్కడి గోడు. అంటే పుట్టుకలోనే అది అప్లికేషన్ కోసం వేసిన పొర. అప్లికేషన్ దాన్ని పిలుస్తుంది, అది పలుకుతుంది. తర్వాత వచ్చిన పెద్ద మిడిల్‌వేర్‌లన్నీ అలాంటివే. లావాదేవీలు నడిపే ఐబీఎం సీఐసీఎస్ మీద రాసిన బ్యాంకు ప్రోగ్రామ్‌లో సీఐసీఎస్‌ను పిలిచే వాక్యాలు ఉంటాయి. అదే రకం పని చేసే టక్సీడో అంతే. ప్రోగ్రామ్‌ల మధ్య సందేశాలు చేరవేసే మెసేజ్ క్యూలూ అంతే, మెసేజ్ వేయాలన్నా తీయాలన్నా ప్రోగ్రామ్‌లోనే రాయాలి. ఆ పొర తీసేస్తే ప్రోగ్రామ్ కంపైల్ కూడా కాదు.

కాబట్టి మధ్యలో ఉందా అని అడిగితే లాభం లేదు. మనం కమాండ్లు టైప్ చేసే లినక్స్ షెల్ మధ్యలోనే ఉంది, రాత్రిపూట బ్యాకప్ తీసే ఏజెంటూ మధ్యలోనే ఉంది. వాటిని ఎవరూ మిడిల్‌వేర్ అనరు. అడగాల్సింది ఇది: ఎవరు ఎవరిని పిలుస్తున్నారు?

మీ పోస్ట్‌గ్రెస్‌ను చూడండి. పేస్‌మేకర్ అనేది ఒకటుందని దానికి తెలీదు. దాని సోర్స్ కోడ్ మొత్తం వెతికినా పేస్‌మేకర్‌ను పిలిచే చోటు దొరకదు. పిలుపంతా అవతలి నుంచే. పేస్‌మేకర్ చేతిలో రిసోర్స్ ఏజెంట్ అనే ఒక చిన్న స్క్రిప్ట్ ఉంటుంది. దానికి ముఖ్యంగా వచ్చినవి మూడు మాటలు: స్టార్ట్, స్టాప్, మానిటర్. కొన్ని సెకన్లకొకసారి మానిటర్ అని పిలుస్తుంది. స్క్రిప్ట్ పోయి డేటాబేస్‌ను తట్టి చూసి, బాగుంటే 0, నడవడం లేదంటే 7 తెచ్చి చెబుతుంది. అంతకుమించి వాళ్లిద్దరి మధ్య చుట్టరికం లేదు. ఆ స్క్రిప్ట్ చేసేది అర్ధరాత్రి మీరు లేచి చేయగలిగిన పనే. డేటాబేస్ వైపు నుంచి చూస్తే మీరు ఆపినా పేస్‌మేకర్ ఆపినా తేడా లేదు.

ఈ స్టార్ట్, స్టాప్, బతికుందో లేదో చూడడం అన్నవి మామూలు సర్వర్‌లో ఎవరి పనులు? సిస్టమ్‌డీ పనులు, అంతకుముందు ఇనిట్ పనులు. సర్వర్ బూట్ అయినప్పుడు ఏ సర్వీసు లేవాలి, దేని తర్వాత ఏది లేవాలి, పడిపోతే మళ్లీ లేపాలా అన్నవి ఓఎస్ చూసుకునే సంగతులు. క్లస్టర్ పెట్టినప్పుడు మీ వాళ్లు చేసిన మొదటి పనుల్లో ఒకటి గుర్తు చేసుకోండి. రెండు సర్వర్లలోనూ పోస్ట్‌గ్రెస్‌ను సిస్టమ్‌డీలో డిజేబుల్ చేసి ఉంటారు. చేయకపోతే పెద్ద తప్పే, వెళ్లి చూడండి. ఎందుకు డిజేబుల్ చేస్తాం? ఒక పని ఇద్దరి చేతిలో ఉండకూడదని. సిస్టమ్‌డీ చేతిలోంచి తీసి పేస్‌మేకర్ చేతిలో పెట్టాం. ఒక మెషిన్‌కు ఉండే ఇనిట్‌ను రెండు మెషిన్లకు కలిపి సాగదీశాం. ఎక్స్‌టెన్షన్ అన్న మాటకు నాకు తెలిసిన సూటి అర్థం ఇదే. మీరు రాయాల్సిన కారణమూ ఇదే.

అయినా ఇది సగం కారణమే. మిగతా సగం మీ ఫ్యాక్టరీ ప్యానెల్ రూమ్‌లో గోడకు బిగించి ఉంటుంది.

కరెంటు పోయినప్పుడు జనరేటర్‌కు మార్చే చేంజోవర్ స్విచ్ చూసే ఉంటారు. పైకి వేస్తే లైను కరెంటు, కిందికి వేస్తే జనరేటర్, మధ్యలో ఆఫ్. ఆ హ్యాండిల్‌ను రెండు వైపులా ఒకేసారి వేయడం ఎవరి తరమూ కాదు, దాన్ని చేసిందే అలా. ఎందుకంటే జనరేటర్ కరెంటు లైనులోకి ఎక్కితే, కరెంటు లేదనుకుని స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఇప్పుడు చెప్పండి, ఆ స్విచ్ గుజ్జు తీసే మోటారులో భాగమా? మోటారుకు దాని ఊసే తెలీదు. అది సప్లై వైపు సామాను. ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ సొత్తు. మోటారు రిపేరు చేసేవాడు దాని జోలికి రాడు.

క్లస్టర్‌లో ఫెన్సింగ్ అంటే ఇదే. లినక్స్ వాళ్లు దానికి ముద్దుగా పెట్టుకున్న పేరు స్టోనిత్. అవతలి నోడ్ (క్లస్టర్‌లోని సర్వర్) తలలో కాల్చెయ్ అన్న ఇంగ్లీషు వాక్యంలోని పొడి అక్షరాలు అవి. పేరు మొరటు, పని అంతకన్నా మొరటు. అవతలి సర్వర్ పలకడం లేదు. చచ్చిపోయిందా, లేక మధ్యలో కేబుల్ ఊడి వినిపించడం లేదా? ఇవతలి నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకని అడగడం మానేసి, దూరం నుంచే పవర్ ఆపనిచ్చే ఐపీఎంఐ అనే చిప్ ద్వారా దాని పవరే తీసేసి, తీసేసినట్టు రూఢి అయ్యాకే ఇవతల డిస్క్ మౌంట్ చేసి (వాడకానికి తగిలించి) డేటాబేస్ లేపుతుంది.

ఇది లేకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. తిరుపతిలో నేను పనిచేసిన ఒక ఆఫీసులో, ఊరూ పేరూ వద్దులెండి, సరిగ్గా మీలాగే రెండు సర్వర్లు, ఒక స్టోరేజ్. క్లస్టర్ కట్టిన పిల్లవాడు ఫెన్సింగ్ సెట్టింగ్ దగ్గర ఎర్రర్లు వస్తున్నాయని దాన్ని ఫాల్స్ చేసి, అంటే ఆపేసి, పని ముగించి వెళ్లిపోయాడు. నెట్‌లో దొరికే చాలా పాఠాల్లో మొదటి మెట్టు అదే కాబట్టి అతన్ని మరీ తిట్టలేను. ఏడెనిమిది నెలలు ఏ గొడవా లేదు. ఒకరోజు రెంటికీ మధ్య ఉన్న చిన్న స్విచ్ తాలూకు అడాప్టర్ కాలిపోయింది. రెండు సర్వర్లూ బాగానే ఉన్నాయి. కానీ అవతలిది పోయిందని రెండూ అనుకున్నాయి. రెండోది డిస్క్ మౌంట్ చేసి డేటాబేస్ లేపింది. మొదటిది అప్పటికే నడుపుతోంది. డేటా డైరెక్టరీలో పోస్ట్‌మాస్టర్ పిడ్ ఫైల్ ఉంటుంది కదా, అది ఆపదా అని మీరు అడగొచ్చు. ఆ ఫైల్‌లోని ప్రాసెస్ నంబరు ఆ మెషిన్‌కే చెల్లుతుంది. రెండో సర్వర్ తన దగ్గర ఆ నంబరు ప్రాసెస్ లేకపోవడం చూసి, పాత ఫైల్ మిగిలిపోయిందిలే అనుకుని ముందుకు పోయింది. ఫైల్ సిస్టమ్ కూడా ఒక మెషిన్ వాడుకునేది. ఇద్దరు ఒకే నోట్‌బుక్‌లో ఒకే పేజీ మీద, ఒకరికి తెలియకుండా ఒకరు రాస్తున్నట్టు అయింది. పొద్దునకు ఏ టేబుల్‌లో చేయి పెట్టినా ఎర్రరే. టేపుల నుంచి తిరిగి ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. నాకైతే ఆ రెండు రోజుల్లో తిన్నదేమిటో గుర్తులేదు. మీ దగ్గర ఇదే జరిగితే ఒకే నంబరుతో ఇద్దరు రైతులకు రెండు కాటా చీటీలు పోతాయి. తోతాపురి రేటు మీద ఏటా జరిగే గొడవకు అదొకటి తోడు.

కథ ఎందుకు చెప్పానంటే, ఒక వనరు ఏ క్షణంలో ఎవరి చేతిలో ఉండాలి, ఇద్దరు ఒకేసారి పట్టుకోకుండా ఎలా ఆపాలి అన్నది ఓఎస్ పాఠ్యపుస్తకాల్లో మొదటి అధ్యాయాల సంగతి. ఒక మెషిన్ లోపల ఓఎస్ గుండెకాయైన కెర్నల్ ఈ పని చేస్తుంది. దాని చూపు ఆ మెషిన్ గోడల దగ్గర ఆగిపోతుంది. గోడ అవతలికి ఆ పనిని సాగదీసేది క్లస్టర్ సాఫ్ట్‌వేర్. ఏ మెసేజ్ క్యూ అయినా సర్వర్ పవర్ తీసేసే అధికారం అడుగుతుందా? అడిగితే మీరిస్తారా? క్లస్టర్ అడుగుతుంది, ఇవ్వకపోతే మా ఆఫీసు కథ అవుతుంది.

ఈ లెక్కను మొదట్లో గట్టిగా అమలు చేసింది డిజిటల్ ఈక్విప్‌మెంట్ కంపెనీ. 1983లో వాక్స్‌క్లస్టర్‌ను ప్రకటించినప్పుడు వాళ్లు క్లస్టర్‌ను పైన అతికించలేదు, వీఎంఎస్ ఓఎస్ లోపలే కట్టారు. ఏ మెషిన్‌లో ఉన్న ప్రోగ్రామ్ అయినా ఒకే తాళాల లెక్క చూసేది. క్వోరమ్ (నిర్ణయానికి కావాల్సిన మెజారిటీ), ఓట్లు వంటి మాటలు మనకు ఇంత అలవాటు కావడంలో ఆ క్లస్టర్ల పాత్ర చాలా ఉంది. అక్కడ ఇది మిడిల్‌వేరా అని అడిగితే జనం వింతగా చూసేవారు.

తర్వాత యూనిక్స్ కాలంలో అది ముక్కలైంది. కొంత కెర్నల్ లోపల, కొంత బయట. వెరిటాస్ క్లస్టర్ సర్వర్‌ను చూస్తే విభజన చక్కగా తెలుస్తుంది. బతికే ఉన్నానని సర్వర్లు ఒకదానికొకటి పంపే హార్ట్‌బీట్‌ను మోసే ఎల్‌ఎల్‌టీ, సభ్యుల లెక్క చూసే గ్యాబ్ అనే రెండూ కెర్నల్ మాడ్యూళ్లు. ఏ సర్వీసు ఎక్కడ నడవాలో తేల్చే హ్యాడ్ అనే డీమన్ (వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామ్) మాత్రం బయట మామూలు ప్రాసెస్. ఐబీఎం సంగతి ఇంకా తమాషా. తన యూనిక్స్ ఓఎస్ అయిన ఏఐఎక్స్ కోసం 1991లో హెచ్‌ఏసీఎంపీ తెచ్చింది, అదే తర్వాత పవర్‌హెచ్‌ఏ అయింది. 2010లో 7.1 వెర్షన్ వచ్చేసరికి హార్ట్‌బీట్ పనిని ఏఐఎక్స్ కెర్నల్ లోపలికే తీసుకెళ్లి, దానికి క్లస్టర్ అవేర్ ఏఐఎక్స్ అని పేరు పెట్టారు. ఒకే పని, నిన్నటిదాకా అద్దె ఇల్లు, ఇవాళ సొంత ఇల్లు. పని మారలేదు కదా, జాతి ఎలా మారుతుంది? అందుకే కెర్నల్‌లో ఉంటే ఓఎస్, బయట ఉంటే మిడిల్‌వేర్ అనే కొలబద్ద కూడా నాకు నచ్చదు. మీ బావగారు రేపు ఆ వాదన తెస్తారు, చూస్తూ ఉండండి. కోరోసింక్, పేస్‌మేకర్ రెండూ యూజర్ స్పేస్ డీమన్లేగా అంటారు.

నిజమే, బయటి ప్రాసెస్‌లే. కానీ కోరోసింక్ అక్కడ మామూలు ప్రాసెస్‌లా బతకదు. తన మెమరీని స్వాప్‌లోకి, అంటే డిస్క్ మీదకు, పోకుండా కట్టేసుకుంటుంది. రియల్ టైమ్ ప్రయారిటీ తీసుకుంటుంది. మెషిన్ మీద ఎంత లోడు ఉన్నా హార్ట్‌బీట్ టైముకు పోవాలి. లేకపోతే బతికున్న సర్వర్‌ను చచ్చిందనుకుని అవతలిది కాల్చేస్తుంది. దాని పక్కనే కెర్నల్ తాలూకు వాచ్‌డాగ్ ఉంటుంది. క్రమం తప్పకుండా దాన్ని తట్టుతూ ఉండాలి, తట్టడం ఆగితే అది మెషిన్‌ను రీసెట్ చేస్తుంది. రెండు మెషిన్లూ ఒకే ఫైల్ సిస్టమ్‌ను ఒకేసారి వాడాలంటే జీఎఫ్‌ఎస్2, దాని తాళాల కోసం డీఎల్‌ఎం కావాలి. ఆ రెండూ 2006లో 2.6.19 వెర్షన్‌తో లినక్స్ కెర్నల్‌లోకి వచ్చాయి. ఒక మెషిన్ డిస్క్‌ను నెట్‌వర్క్ మీద ఇంకో మెషిన్‌లోకి అద్దంలా దించే డీఆర్‌బీడీ 2010లో వచ్చిన 2.6.33తో చేరింది. మీకు ఈ మూడూ అక్కర్లేదు. ఒక స్టోరేజ్, ఒకరి తర్వాత ఒకరు మౌంట్ చేసుకోవడం మీ పద్ధతి కాబట్టి ఇక్కడితో వదిలేద్దాం.

ఇప్పుడు మీ బావగారి పక్షాన నాలుగు మాటలు. ఒకే డేటాబేస్‌ను చాలా సర్వర్లు కలిసి నడిపే ఒరాకిల్ ర్యాక్ మీద ఆయన బెంగళూరులో పనిచేసి ఉంటే, ఆయన మాటను నేను తోసిపుచ్చలేను. ఒరాకిల్ 10జీ నుంచి సొంత క్లస్టర్‌వేర్ ఇస్తోంది. అక్కడ డేటాబేస్‌కు క్లస్టర్ ఉందని బాగా తెలుసు. ఇప్పుడు ఎవరెవరు సభ్యులు అని డేటాబేసే దాన్ని అడుగుతుంది. పిలుపు పైనుంచి కిందికి ఉంది, కాబట్టి మిడిల్‌వేర్ లక్షణం ఉంది. అదే క్లస్టర్‌వేర్ సభ్యుల లెక్క ఉండే ఓటింగ్ డిస్క్ అందకపోతే మెషిన్‌ను రీబూట్ కూడా చేస్తుంది, అది ఓఎస్ లక్షణం. రెండు తలల జీవి. టెలికాం వాళ్లయితే ఇంకాస్త ముందుకు పోయారు. సర్వీస్ అవైలబిలిటీ ఫోరం అని కంపెనీలు కలిసి పెట్టుకున్న సంస్థ, అప్లికేషన్లు నేరుగా పిలిచేలా ఒక ఏపీఐ ప్రమాణం రాసింది. అప్లికేషన్ లేవగానే నేను వచ్చానని రిజిస్టర్ చేసుకోవాలి, ఎలా ఉన్నావని అడిగితే జవాబివ్వాలి, యాక్టివ్‌గా మారమంటే మారాలి. దాన్ని వాళ్లే హై అవైలబిలిటీ మిడిల్‌వేర్ అన్నారు. అది న్యాయమే, నా కొలబద్దకు సరిగ్గా సరిపోతుంది. కోరోసింక్ పూర్వీకుడైన ఓపెన్‌ఏఐఎస్ ఆ ప్రమాణాన్ని అమలు చేయడానికి మొదలైనదే. కాబట్టి మీ బావగారి మాట ఆకాశంలోంచి ఊడిపడలేదు, మీ సాఫ్ట్‌వేర్ తాతల ఇంట్లో అది చెల్లుబాటైన మాటే.

అన్నిటికంటే నాకిష్టమైన ఉదాహరణ మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్. 2012 వెర్షన్‌తో అందులో డేటాబేస్ కాపీలను వేరే సర్వర్లలో సిద్ధంగా ఉంచే అవైలబిలిటీ గ్రూపులు వచ్చాయి. విండోస్ మీద అవి విండోస్ ఫెయిలోవర్ క్లస్టర్‌తో గట్టిగా ముడిపడి ఉంటాయి. డేటాబేస్‌లోకి వెళ్లి అడిగితే క్లస్టర్ వివరాలు చెబుతుంది. 2017 వెర్షన్ లినక్స్ మీదకు వచ్చింది. అక్కడ కింద ఉండేది మీ పేస్‌మేకరే. గ్రూప్ తయారు చేసేటప్పుడు క్లస్టర్ టైప్ అన్న చోట 'ఎక్స్‌టర్నల్' అని రాయాలి, అంటే బయటిది. అక్కడి డేటాబేస్‌ను అడిగితే క్లస్టర్ ఉన్న సంగతే దానికి తెలీదు. ఒకే డేటాబేస్, ఒకే రకం పని. ఒక చోట చుట్టం, ఇంకో చోట బయటివాడు. ఏ గడిలో రాయాలన్నది సాఫ్ట్‌వేర్ పేరు చూసి తేలదు. మీ అప్లికేషన్‌కూ దానికీ మాటలున్నాయా లేవా చూసి తేల్చాలి. మీ దగ్గర లేవు.

కాబట్టి రిజిస్టరులో ఓఎస్ గడే ఉంచండి. అయితే లినక్స్ రాసిన వరసలోనే కలిపి రాయకండి, కింద వేరే వరస వేయండి. కోరోసింక్ వెర్షన్, పేస్‌మేకర్ వెర్షన్, ఫెన్సింగ్ ఏజెంట్ ఏదో, అది ఏ పరికరాన్ని పట్టుకుంటుందో విడివిడిగా రాయండి. వేరే వరస ఎందుకంటే ప్యాచ్ వేసే పద్ధతి వేరు. మామూలు సర్వర్‌కు అప్‌డేట్ కొట్టి రీబూట్ చేస్తే సరి. ఇక్కడ ఒక నోడ్‌ను స్టాండ్‌బైలో పెట్టి, సర్వీసు అవతలికి పోయిందని చూసుకుని, అప్‌డేట్ చేసి, రీబూట్ చేసి, మళ్లీ క్లస్టర్‌లో చేర్చి, ఆ తర్వాత రెండోది ముట్టుకోవాలి. రెండింటికీ ఒకేసారి ఆటోమేటిక్ అప్‌డేట్ పెట్టి ఉంటే ఇవాళే తీసేయండి. వివరణ అని చిన్న గడి ఉంటే, 'పోస్ట్‌గ్రెస్ దీన్ని పిలవదు, ఇదే పోస్ట్‌గ్రెస్‌ను లేపుతుంది, ఆపుతుంది' అని ఒక్క వాక్యం రాయండి. ఆడిటర్ ప్రశ్నకు అది చాలు.

ఇక రాత్రి 2 గంటల ఫోన్. మీ టెన్షన్ అసలు దాని గురించేనని ఉత్తరం చదవగానే అర్థమైంది. గడి మార్చి ఈ ఫోన్ తప్పించుకోవచ్చని మీరు అనుకోలేదు గానీ, మీ ఆఫీసులో ఎవరో ఒకరు అనుకుంటారు. ఒప్పుకోకండి. సర్వర్ పవర్ తీసే హక్కు ఎవరి చేతిలో ఉందో ఫోన్ వాళ్లకే రావాలి, అంటే మీకు. డేటాబేస్ వెండర్‌కు ఐపీఎంఐ పాస్‌వర్డ్ ఇవ్వరు కదా? ఇవ్వకూడదు కూడా. మానిటర్ 7 తెచ్చి, రెండు నోడ్‌ల మీదా లేపి చూసినా పోస్ట్‌గ్రెస్ లేవడం లేదంటే అప్పుడు ఫోన్ వెండర్‌కు పోవాలి. నోడ్ పలకడం లేదు, ఫెన్సింగ్ ఫెయిలైంది, క్వోరమ్ లేదు లాంటి మాటలు లాగ్‌లో కనిపిస్తే అది మీదే. ఈ రెండు వాక్యాలను ఏఎంసీ కాగితంలో చేర్పించండి. గడి కంటే అవే మిమ్మల్ని కాపాడతాయి. రోజూ మీరొక్కరే ఫోన్ ఎత్తాల్సి వస్తుంటే అది క్లస్టర్ సమస్య కాదు, మనుషుల కొరత. మేనేజర్‌కు ఆ మాట ఆ మాటలాగే చెప్పండి, సీజన్ మూడు నెలలకైనా ఇంకో మనిషి కావాలని అడగండి.

ఉత్తరంలో మీరు రాయని సంగతి ఒకటి ఉంది, నాకు అదే మనసులో పీకుతోంది. మీ క్లస్టర్‌లో ఫెన్సింగ్ ఆన్‌లో ఉందా? ఉంటే దేనితో? రెండు నోడ్‌ల క్లస్టర్‌లో సగం కంటే ఎక్కువ అంటే రెండూ ఉండాలి. ఒకటి పోతే మెజారిటీయే లేదు. అందుకని కోరోసింక్‌లో రెండు నోడ్‌ల కోసం ప్రత్యేక సెట్టింగ్ పెడతారు, ఒక్కటి మిగిలినా చాలని. దాంతో ఓట్ల రక్షణ పోతుంది, ఇక అడ్డంగా నిలబడేది ఫెన్సింగ్ ఒక్కటే. మూడో మెషిన్ ఏదైనా, పాత డెస్క్‌టాప్ అయినా సరే, వేరే గదిలో పెట్టి క్యూడివైస్‌గా, అంటే మూడో ఓటు వేసేదిగా, వాడితే మంచిది.

ఐపీఎంఐ ఒక్కదాన్నే నమ్ముకుని ఉంటే మన ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఒక సర్వర్‌కు కరెంటు మొత్తంగా పోయిందనుకోండి, యూపీఎస్ చేతులెత్తేసింది. సర్వర్‌తో పాటు దాని ఐపీఎంఐ చిప్ కూడా ఆరిపోతుంది. ఇవతలి నోడ్ దానికి పవర్ తీసెయ్ అని చెబుతుంది, జవాబు రాదు. జవాబు రాలేదు కాబట్టి ఫెన్సింగ్ అయినట్టు కాదు, కాబట్టి డేటాబేస్‌ను లేపదు. అవతలిది నిజంగానే చచ్చింది, ఇవతలిది బతికే ఉంది, అయినా కాటా ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్ తప్పు చేయలేదు, చేంజోవర్ హ్యాండిల్ మధ్యలో ఉన్నప్పుడు మోటారు తిరగదు కదా, అదే ఇది. మీకు ఉమ్మడి స్టోరేజ్ ఉంది కాబట్టి ఎస్‌బీడీ అనే ఫెన్సింగ్ పద్ధతిని రెండో అంచెగా పెట్టించండి. ఇవతలి నోడ్ స్టోరేజ్ మీద ఒక చిన్న భాగంలో 'ఇక చావు' అన్న సందేశం రాసి, నిర్ణీత సెకన్లు ఆగుతుంది. బతికుంటే అవతలిది ఆ సందేశం చూసి తనే రీసెట్ అవుతుంది, స్టోరేజ్ అందకపోతే వాచ్‌డాగ్ దాని పని పడుతుంది, కరెంటే లేకపోతే గొడవే లేదు. రెండు సర్వర్లనూ వేర్వేరు యూపీఎస్‌ల మీద పెట్టారో లేదో కూడా చూడండి. చాలాచోట్ల రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో ఉంటాయి, నవ్వకండి.

తర్వాత ఒక ఆదివారం చూసుకుని, వెండర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, మూడు పనులు చేయండి. నడుస్తున్న నోడ్ నెట్‌వర్క్ కేబుల్ పీకండి. అది అయ్యాక, అన్నీ సరిచేసి, పవర్ కేబుల్ పీకండి. మళ్లీ సరిచేసి, పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌ను చంపి చూడండి. ప్రతిసారీ కాటా దగ్గర ఒక మనిషిని నిలబెట్టి ఎన్ని సెకన్లు చీటీ రాలేదో రాయించండి. ఏప్రిల్ లోపల అయిపోవాలి. జూన్‌లో తోతాపురి లారీలు గేటు బయట నిలబడి ఉన్నప్పుడు మాత్రం ఏ కేబులూ ముట్టుకోకండి.